నాలుగు పాత కంప్యూటర్లు, ఒకే మానిటర్

తొంభైల్లో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఏబీసీడీ డబ్బా గుర్తుండే ఉంటుంది. లేత గోధుమ రంగు రేకు డబ్బా, ముందు లావుపాటి నాబ్, దాని చుట్టూ నాలుగు అక్షరాలు, వెనక 25 పిన్నుల సాకెట్లు. నలుగురికీ కలిపి ఒకటే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. ప్రింట్ కావాలంటే లేచి వెళ్లి నాబ్‌ను తమ అక్షరం మీదకు తిప్పుకోవాలి. పక్కవాళ్ల బిల్లు సగంలో ఉండగా తిప్పితే గొడవే. అంతకు మించి ఆ డబ్బాతో పెద్దగా పేచీ ఉండేది కాదు.

పాత కంప్యూటర్లు పోగేసేవాళ్లు మానిటర్ విషయంలోనూ ఇదే లెక్క వేసుకుంటారు. టేబుల్ మీద బీబీసీ మైక్రో, అటారీ ఎస్‌టీ, అమీగా 500, ఒక 486 పీసీ ఉన్నాయనుకుందాం. నాలుగింటికీ నాలుగు మానిటర్లంటే గది చాలదు. పైగా పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్‌ను ఒక్కరు ఎత్తడమే కష్టం. కాబట్టి ఒక మానిటర్, మధ్యలో ఒక స్విచ్ బాక్స్. తీరా అన్నీ తగిలించి నాబ్ తిప్పితే ఒకదానికి బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది, రెండోదానికి అంతా చీలికలు పీలికలు, మూడోదానికి 'అవుట్ ఆఫ్ రేంజ్' అన్న మాట, నాలుగోదేమో తనంతట తానే రీసెట్ అయిపోతుంది. డబ్బా పాడైందని ఇంకోటి కొంటారు. అదీ అంతే.

డబ్బాలో లోపం లేదు. అది తీగలను మారుస్తుంది, తీగల్లో వచ్చేదాన్ని మార్చదు. ఆఫీసులోని పీసీలన్నీ ప్రింటర్‌కు ఒకే రకం సిగ్నల్ పంపేవి కాబట్టి అక్కడ పని జరిగిపోయింది. వీడియో విషయంలో ఎనభైల నాటి కంపెనీలు ఎవరి దారి వాళ్లు చూసుకున్నాయి. అందుకే ఎన్ని స్విచ్ బాక్సులు కావాలన్నది కంప్యూటర్ల సంఖ్యను బట్టి తేలదు, వాటి నుంచి వచ్చే సిగ్నల్ రకాలను బట్టి తేలుతుంది. పది కంప్యూటర్లున్నా ఒక్క డబ్బా సరిపోవచ్చు. రెండే ఉన్నా ఏ డబ్బా పనికిరాకపోవచ్చు.

మొదట చూడాల్సింది అడ్డగీతల వేగం. మానిటర్ బొమ్మను పై నుంచి కిందికి అడ్డగీతలుగా గీస్తుంది. సెకనుకు ఎన్ని గీతలన్నదే హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ. మన దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో పూర్తి బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే 15,625, అంటే సుమారు 15.6 కిలోహెర్ట్జ్. ఎనభైల్లో ఇంటి కంప్యూటర్లను టీవీకి తగిలించుకునేలా తయారు చేశారు కాబట్టి స్పెక్ట్రమ్, కమొడోర్ 64, బీబీసీ మైక్రో, అమీగా అన్నీ ఈ వేగం దగ్గరే ఆగాయి. ఆఫీసు కంప్యూటర్లకు ఆ కట్టుబాటు లేదు. 1981 నాటి ఐబీఎం పీసీ మోనోక్రోమ్ కార్డు 18.4 కిలోహెర్ట్జ్, 1984లో వచ్చిన ఈజీఏ అనే రంగుల కార్డు 21.8, జపాన్‌లో ఎన్ఈసీ పీసీ-98 దాదాపు 24.8, 1987లో దాని తర్వాతి తరం వీజీఏ 31.5, మెకింటాష్ 2 రంగుల మానిటర్ 35. సన్ వర్క్‌స్టేషన్లయితే 60 దాటిపోయాయి.

అప్పటి మానిటర్లలో చాలావరకు ఒకే వేగానికి బిగించినవి. ఈ చిక్కు చూసే ఎన్ఈసీ 1985లో 15.75 నుంచి 35 కిలోహెర్ట్జ్ వరకు దేనికైనా సర్దుకునే మానిటర్ తెచ్చి మల్టీసింక్ అని పేరు పెట్టింది. ఆ పేరు తర్వాత ఆ తరహా మానిటర్లన్నిటికీ వాడుక మాటైపోయింది. ఇప్పుడు చేతికందే ఎల్‌సీడీ మానిటర్లకు వీజీఏ సాకెట్ ఉన్నా, అవి ఎక్కువగా 30 కిలోహెర్ట్జ్ దగ్గరే మొదలవుతాయి. అమీగాకు సరైన కేబుల్ చేసి తగిలించినా బొమ్మ రాకపోవడానికి కారణం ఇదే. 15 కిలోహెర్ట్జ్ తీసుకునే ఎల్‌సీడీలు కొన్ని ఉన్నాయి, దొరికితే అదృష్టమే.

రెండోది వోల్టేజీ. వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగల్లో సిగ్నల్ 0 నుంచి 0.7 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఎంత వోల్టేజీ అయితే అంత వెలుగు, దీన్నే అనలాగ్ అంటారు. అమీగా కూడా అంతే. బీబీసీ మైక్రో, ఐబీఎం తొలి రంగుల కార్డు సీజీఏ అలా కాదు. వాటి రంగు తీగలు ఉంటే పూర్తిగా ఉంటాయి, లేకపోతే లేవు. ఇది టీటీఎల్ సిగ్నల్, పైస్థాయి 5 వోల్టుల దాకా పోవచ్చు. మూడు తీగలతో బీబీసీకి వచ్చేవి 8 రంగులు. సీజీఏ 'వెలుగు పెంచు' అని చెప్పే నాలుగో తీగ ఒకటి కలిపి 16 రంగులు తెచ్చింది. ఆ తీగను వదిలేసి సీజీఏను ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగలు మాత్రమే ఉండే మామూలు ఆర్‌జీబీ మానిటర్‌కు కలిపితే ముదురు రంగులకూ లేత రంగులకూ తేడా పోతుంది. సీజీఏ కోసం ఐబీఎం ఇచ్చిన 5153 మానిటర్‌లో మరో చిన్న మాయ ఉంది. లెక్క ప్రకారం రావాల్సిన ముదురు పసుపును అది గోధుమ రంగుగా మార్చి చూపిస్తుంది. ఆ మార్పు కార్డులో లేదు, మానిటర్ లోపలి సర్క్యూట్‌లో ఉంది. వేరే మానిటర్ పెడితే పాత గేముల్లో చెక్క తలుపులు ఆవాల రంగుకు మారిపోవడం అందుకే.

టీటీఎల్‌ను అనలాగ్ మానిటర్‌కు పంపాలంటే మధ్యలో రెసిస్టర్ పెట్టి వోల్టేజీ తగ్గించాలి. మానిటర్ లోపల 75 ఓమ్ ఉంటుంది. దానికి ముందు 470 ఓమ్ పెడితే 5 వోల్టులు కాస్తా 0.69 అవుతాయి. టీటీఎల్ చిప్పులు నిజానికి పూర్తి 5 వోల్టులు ఇవ్వవు కాబట్టి మీటర్ పెట్టి కొలిచి రెసిస్టర్ ఎంచుకోవడం మేలు. ఖర్చు కొన్ని రూపాయలే. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే చేతినిండా ఇస్తారు.

సాకెట్ ఆకారం చూసి మోసపోవడం ఇంకో ప్రమాదం. ఐబీఎం మోనోక్రోమ్, సీజీఏ, ఈజీఏ మూడూ ఒకే 9 పిన్నుల సాకెట్ వాడాయి. దూరిపోతుంది కదా అని దూర్చేయడమే తప్పు. మోనోక్రోమ్‌కూ సీజీఏకూ సింక్ తీగలు, అంటే గీత, బొమ్మ ఎప్పుడు మొదలవ్వాలో మానిటర్‌కు చెప్పేవి, ఒకే పిన్నుల మీద, 8, 9 మీద ఉంటాయి. కాబట్టి తప్పు మానిటర్‌కు తప్పు వేగం నేరుగా చేరుతుంది. ఐబీఎం 5151 ఆకుపచ్చ మానిటర్‌కు సొంత గడియారం లేదు. కార్డు పంపే సింక్‌తోనే దాని హైవోల్టేజీ భాగం నడుస్తుంది. రంగుల కార్డు తగిలిస్తే కీచుమని అరుస్తుంది, అలాగే వదిలేస్తే కాలిపోతుంది. ఒకే 9 పిన్నుల డబ్బాకు ఒకవైపు మోనోక్రోమ్ పీసీని, ఇంకోవైపు సీజీఏ పీసీని కలపడమంటే నాబ్ ఒక్క గడి జారితే చాలు అన్నంత దగ్గరికి నిప్పును తెచ్చుకోవడమే. మన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో తొంభైల మొదట్లో కనిపించిన హెర్క్యులస్ కార్డు మానిటర్లూ మోనోక్రోమ్ వేగంతో నడిచినవే. అటక మీద నుంచి దింపినది అలాంటిదైతే దాన్ని ఏ డబ్బాకూ కలపకుండా విడిగా ఉంచడమే క్షేమం. అన్నట్టు, పాత మెకింటాష్ మానిటర్ సాకెట్, పీసీ జాయ్‌స్టిక్ సాకెట్ కూడా 15 పిన్నులతో అచ్చం ఒకేలా ఉంటాయి.

ఇక అసలు తలనొప్పి బొమ్మను మోసే తీగలతో కాదు, మానిటర్ ఏదో కంప్యూటర్‌కు చెప్పే తీగలతో. అటారీ ఎస్‌టీ వెనక 13 పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది. అందులో 4వ పిన్ పని, వచ్చింది బ్లాక్ అండ్ వైట్ మానిటరా, రంగులదా అని తెలుసుకోవడం. అటారీ సొంత ఎస్ఎం124 మానిటర్ ప్లగ్గులో ఈ పిన్ గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది. అది చూసి కంప్యూటర్ 640 బై 400 చుక్కల బొమ్మను 35.7 కిలోహెర్ట్జ్ వేగంతో పంపుతుంది. పిన్ ఖాళీగా ఉంటే రంగుల మానిటర్ అనుకుని టీవీ వేగానికి దిగుతుంది. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ ఆ పిన్ మీద ఒక కన్నేసి ఉంచుతుంది. మధ్యలో మారిందా, ఉన్నపళంగా రీసెట్.

దీన్ని స్విచ్ బాక్స్‌లో పెట్టి చూడండి. ఎస్‌టీలో బ్లాక్ అండ్ వైట్ తెర మీద ఎవరో ఉత్తరం టైప్ చేస్తున్నారు. ఇంకా సేవ్ చేయలేదు. ఈలోగా పీసీలో ఏదో చూడాలని నాబ్‌ను ఒక గడి పక్కకు తిప్పారు. డబ్బా లోపల 4వ పిన్ తీగ తెగిపోయింది. మానిటర్ మారిందని ఎస్‌టీ అనుకుంది. మళ్లీ వెనక్కి తిప్పేసరికి ఉత్తరం లేదు, ఖాళీ డెస్క్‌టాప్ ఉంది. తప్పెవరిదీ కాదు, తీగ ఎటువైపు ఉందన్నదే సమస్య. ఆ 4వ పిన్‌ను డబ్బా దాకా పోనివ్వకుండా కంప్యూటర్ దగ్గరి ప్లగ్గులోనే చిన్న టాగిల్ స్విచ్ పెట్టి గ్రౌండ్‌కు కలిపేస్తే నాబ్‌ను ఎన్నిసార్లు తిప్పినా ఎస్‌టీకి తెలియదు.

మెకింటాష్‌ది ఇంకో తరహా. దాని సాకెట్‌లో మూడు తీగలు మానిటర్ రకం చెప్పడానికే ఉన్నాయి. మెక్ వాటిని మొదలయ్యేటప్పుడు చూస్తుంది. ఆ క్షణంలో డబ్బా వేరే అక్షరం మీద ఉండి, ఆ తీగలు అటు ఖాళీగా కనిపిస్తే మానిటర్ లేదనుకుని వీడియో పంపదు. తర్వాత నాబ్ తిప్పినా తెర నల్లగానే ఉంటుంది. దీనికి మందు కూడా అదే: చిన్న చిన్న డిప్ స్విచ్‌లున్న మెక్-వీజీఏ అడాప్టర్ డబ్బాకు మానిటర్ వైపు ఉండకూడదు, మెక్‌కే అంటుకుని ఉండాలి.

ఈ రెండు ఉదాహరణల నుంచి తేలే పద్ధతి ఒకటుంది. ప్రతి కంప్యూటర్ దగ్గరే దాని చాదస్తాలన్నీ తీర్చేసి, బయటికి వచ్చేటప్పటికి అన్నీ ఒకే సాకెట్, ఒకే వోల్టేజీ, ఒకే వేగంగా ఉండేలా చూడాలి. అప్పుడు డబ్బా లోపల నడవాల్సినవి మూడు రంగులు, సింక్, గ్రౌండ్, కావాలంటే శబ్దం. అంతే. ఐరోపాలో అమీగా, అటారీ వాళ్లు చాలాకాలం చేసింది ఇదే. ఫ్రెంచి టీవీల కోసం పుట్టిన 21 పిన్నుల స్కార్ట్ సాకెట్‌లో ఆర్‌జీబీ, సింక్, శబ్దం అన్నీ ఉంటాయి. ప్రతి కంప్యూటర్‌కు ఒక స్కార్ట్ కేబుల్ చేసుకుంటే మామూలు స్కార్ట్ స్విచ్ బాక్స్ సరిపోయేది. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. స్కార్ట్‌లో 16వ పిన్ మీద 1 నుంచి 3 వోల్టులు వస్తేనే టీవీ ఆర్‌జీబీకి మారుతుంది. చౌక స్విచ్ బాక్సుల్లో కొన్ని ఆ తీగనే వదిలేస్తాయి. బొమ్మ వస్తుంది గానీ రంగులన్నీ ఒకే తీగలో కలిసి వచ్చే వట్టి కాంపోజిట్ బొమ్మ వస్తుంది, అక్షరాల అంచులకు రంగుల మసకతో.

డబ్బా ఎలాంటిది కొనాలి? పాత కంప్యూటర్లకు నాబ్ తిప్పే రకమే నయం. ఎలక్ట్రానిక్ స్విచ్‌లు లోపలి చిప్ ఎంత వోల్టేజీ, ఎలాంటి సింక్ అనుకుని తయారైందో దానికే పనిచేస్తాయి. ఆకుపచ్చ తీగలోనే సింక్ కలిపి పంపే సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాల దగ్గర తెల్లముఖం వేస్తాయి. నాబ్ డబ్బాకు ఆ ఆలోచనే లేదు. రేకు మూత విప్పి చూస్తే లోపల పొరలు పొరలుగా పేర్చిన రోటరీ స్విచ్, దాని చుట్టూ సాకెట్లకు అతికించిన రంగురంగుల సన్న తీగలు ఉంటాయి. మధ్యలో చిప్ అంటూ ఏదీ లేదు కాబట్టి ఏది ఇస్తే అది అటు పోతుంది. తుప్పు పట్టడం దీనికి పెద్ద రోగం. తెల్లని తెర పసుపుగా కనిపిస్తే నీలం తీగ అంటుకోవడం లేదు, నీలి ఆకుపచ్చగా ఉంటే ఎరుపు, గులాబీ ఊదాగా ఉంటే ఆకుపచ్చ పోయినట్టు. కంప్యూటర్లన్నీ ఆపి, నాబ్‌ను అటూ ఇటూ పది పదిహేనుసార్లు తిప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు తిరిగి వస్తుంది.

ఆ సన్న తీగలకు ఇంకో లోపం ఉంది. వీడియో కేబుల్ మొదటి నుంచి చివరిదాకా 75 ఓమ్ ఉండాలి. డబ్బా లోపలి తీగ అలా ఉండదు, అక్కడ సిగ్నల్ కొంత వెనక్కి తన్నుతుంది. కంప్యూటర్ వైపు కూడా సరిగా కుదరకపోతే అది మళ్లీ ముందుకు వచ్చి అక్షరం పక్కన నీడలా పడుతుంది. కేబుల్‌లో సిగ్నల్‌కు మీటరుకు సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. 2 మీటర్ల కేబుల్‌లో వెళ్లి రావడానికి 20. 640 బై 480 వీజీఏలో ఒక్కో చుక్కకు దాదాపు 40 నానోసెకన్లు ఉంటాయి కాబట్టి నీడ అర చుక్క మేర, కంటికి ఆనదు. అదే డబ్బాలో 1600 బై 1200 బొమ్మ పంపితే చుక్కకు 6 నానోసెకన్లే, నీడ మూడు చుక్కల అవతల స్పష్టంగా కనిపిస్తుంది. ఈ చౌక డబ్బాలకున్న చెడ్డపేరు ఎక్కువగా ఆ పెద్ద బొమ్మల కాలంలో వచ్చింది. పాత యంత్రాలకు అవి ఇప్పటికీ నిక్షేపంలా పనికొస్తాయి.

డబ్బా ఎందుకు, రెండు కేబుళ్లు కలిపి వై ఆకారంలో ఒక జాయింట్ వేసి, కావాల్సిన కంప్యూటర్ మాత్రమే ఆన్ చేస్తే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఆపేసిన కంప్యూటర్ కూడా లోపల 75 ఓమ్‌గా సిగ్నల్‌ను తాగుతుంది. నడిచే కంప్యూటర్‌కు ఎదురుగా 75 బదులు 37.5 ఓమ్ కనిపిస్తుంది. 0.7 వోల్టులు రావాల్సిన చోట 0.47 వస్తాయి, మూడో వంతు వెలుగు పోతుంది. సింక్ తీగల సంగతి ఇంకా అధ్వానం, ఆపేసిన చిప్పు వాటిని కిందికి లాగేస్తే బొమ్మే రాదు.

ఎర్తింగ్ మాట ఎత్తకుండా మన ఇళ్లలో ఈ పని గురించి చెప్పడం సగం చెప్పినట్టే. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నా గోడలో ఎర్త్ లేని సాకెట్లు బోలెడు. కొత్త పవర్ సప్లై పెట్టుకున్న పాత కంప్యూటర్లలోనూ, పీసీల్లోనూ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. చేయి పెడితే జివ్వుమనేది అదే. మనిషికి అది చురుకే గానీ వీడియో చిప్పుకు చావు. ఆర్‌సీఏ ప్లగ్గులో నడిమి పిన్ ముందు తగులుతుంది, చుట్టూ ఉండే గ్రౌండ్ తర్వాత తగులుతుంది. నడుస్తుండగా ప్లగ్గు మారిస్తే ఆ తేలిన వోల్టేజీ అంతా ఒక్క క్షణం సిగ్నల్ తీగ గుండానే పోతుంది. స్విచ్ బాక్స్ ఉంటే గ్రౌండ్లన్నీ ఎప్పుడూ కలిసే ఉంటాయి, ఆ క్షణమే రాదు.

గ్రౌండ్లు కలిసి ఉండటానికి చెల్లించే మూల్యం హమ్. రెండు కంప్యూటర్లు రెండు వేర్వేరు గోడ సాకెట్లలో ఉంటే గ్రౌండ్ తీగలో కరెంటు పారి తెర మీద మసక పట్టీ కదులుతుంది. 50 హెర్ట్జ్ అమీగా మీద అది నింపాదిగా పాకుతుంది, 60 హెర్ట్జ్ వీజీఏ మీద సెకనుకు పదిసార్లు పరుగెత్తి రెపరెపలాడినట్టు అనిపిస్తుంది. అన్నిటినీ ఎర్త్ సరిగా ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే మామూలుగా పోతుంది. వాడని కంప్యూటర్‌ను ఆపేయడం ఇంకా మంచిది. పక్క గడిలో నడుస్తున్న యంత్రం బొమ్మ నీడలా ఇటు కారడం కూడా దాంతో ఆగుతుంది. శబ్దం తీగలను అదే డబ్బాలో నడిపితే తెర తెల్లగా మారినప్పుడల్లా స్పీకర్‌లో జుయ్‌మనే మోత వస్తుంటుంది, వాటిని వేరే చిన్న స్విచ్‌కు మార్చేస్తే సరి.

ఇక మొదటి టేబుల్ దగ్గరికి వస్తే, ఇప్పటి ఎల్‌సీడీ మానిటర్ ఒక్కటే ఉందనుకుంటే, నాలుగు కంప్యూటర్లూ మూడు కుటుంబాలుగా విడిపోతాయి. అమీగా, రంగుల్లో నడిపే ఎస్‌టీ రెండూ 15 కిలోహెర్ట్జ్ అనలాగ్. ఇవి ఒక స్కార్ట్ డబ్బాలో కలిసి ఓఎస్ఎస్‌సీ లాంటి ఒకే కన్వర్టర్‌లోకి వెళ్లొచ్చు. అది గీతలను రెట్టింపు చేసి హెచ్‌డీఎంఐగా ఇస్తుంది. బొమ్మను దాచిపెట్టుకోదు కాబట్టి ఆలస్యం లేదు, కాకపోతే 50 హెర్ట్జ్ 50గానే వస్తుంది, మానిటర్ దాన్ని ఒప్పుకోవాలి. బీబీసీ మైక్రో టీటీఎల్ కాబట్టి దానికి రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్‌తో నడిచే ఆర్‌జీబీ-టు-హెచ్‌డీఎంఐ బోర్డు విడిగా ఇవ్వడం న్యాయం. ఆ బోర్డు మొదట పుట్టిందే బీబీసీ మైక్రో కోసం. మన దగ్గర 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బడులకు చేరినవీ ఈ బీబీసీ మైక్రోలే కాబట్టి, ఏదైనా పాత ల్యాబ్ గదిలో ఒకటి బయటపడితే ఈ బోర్డే దిక్కు. కన్వర్టర్ల తర్వాత అంతా హెచ్‌డీఎంఐ, అక్కడ ఏ మామూలు హెచ్‌డీఎంఐ స్విచ్ అయినా చాలు.

486 నేరుగా మానిటర్ వీజీఏ సాకెట్‌కు పోతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో నడిపే ఎస్‌టీ 35.7 కిలోహెర్ట్జ్ కాబట్టి 4వ పిన్ స్విచ్‌తో అది కూడా ఇటు చేరి, ఒక నాబ్ డబ్బాను 486తో పంచుకోగలదు. ఈ కుటుంబంలోనూ ఒక కిటుకుంది. వీజీఏ మానిటర్‌కు ఎన్ని గీతలో చెప్పేది సింక్ సిగ్నల్ దిశ. రెండూ నెగటివ్ అయితే 480, నిలువుది మాత్రం పాజిటివ్ అయితే 400, అడ్డంది మాత్రం పాజిటివ్ అయితే 350. మధ్యలో సింక్‌ను తిరగేసే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటే డాస్ తెర నొక్కేసినట్టో సాగదీసినట్టో కనిపిస్తుంది. నాబ్ డబ్బా ఇక్కడా ఏమీ తిరగేయదు.

చోటు కలిసొస్తుందని స్విచ్ బాక్స్ కొంటారు గానీ దాని అసలు లాభం సాకెట్లకు. అమీగా 500 వెనక వీడియో సాకెట్ 23 పిన్నులది. దానికి సరిపోయే ప్లగ్గు మామూలు దుకాణాల్లో దొరకదు. చాలామంది 25 పిన్నుల ప్లగ్గు కొని చివరి రెండు పిన్నుల మేర రంపంతో కోసి వాడతారు. అలాంటి ప్లగ్గును వారానికి నాలుగుసార్లు పీకి పెడితే ముందు వదులయ్యేది మదర్‌బోర్డు మీద ముప్ఫై ఏళ్లు దాటిన టంకం. ఒకసారి బిగించి, ఇక దాని జోలికి పోకుండా డబ్బా నాబ్ తిప్పుకుంటే అరిగేది డబ్బా. అది పోతే ఇంకోటి దొరుకుతుంది.